ముఠాలోని వేగు, సాక్ష్యములోని మాట

ఒకటి

నేరముఠాలను బయటినుండి చుట్టుముట్టి పట్టుకొనుట ఒక పద్ధతి. తమ మనిషిని లోనికి పంపియో, లోనివానినే తమవానిగా చేసికొనియో ముఠాను లోపలినుండి ఛేదించుట వేఱొక పద్ధతి. ఈ రెండవది కథకులకు మిక్కిలి ప్రియమైనది. మారువేషముతో నగరపు మాదకద్రవ్య ముఠాలో చేరిన పోలీసు ఉద్యోగి కథ ఇంచుమించు అన్ని దేశముల చలనచిత్రములలోను కనబడును. ఆ కథలలోని ఉత్కంఠ యంతయు వాని గుట్టు ఎప్పుడు రట్టగునో యన్న భయముమీద ఆధారపడి యుండును. చరిత్రను పరిశీలించువారికి ఎదురగు ప్రశ్న వేఱు. లోపలినుండి వచ్చినవాని మాటను ఎంతవరకు నమ్మవలయును? ఆ మాటను పట్టుకొని ఇంకొకనికి శిక్ష విధింపవచ్చునా? రాజ్యములు మాఱినవి, చట్టములు మాఱినవి, మాదకద్రవ్యములతో క్రొత్త వర్తకము పుట్టినది. ఈ ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది. దాని చరిత్రను స్థూలముగా నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మందమర్రి పట్టణమును దృష్టియం దుంచుకొని ఈ పరిశీలన సాగించుటకు కారణ మున్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో భాగమై, 2016లో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరిన యీ బొగ్గుగనుల పట్టణము, కాజీపేట–బల్హార్షా రైలుమార్గముమీద మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమ నున్నది. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో 'ఇన్ఫార్మరు', 'కోవర్టు' అను రెండు మాటలు గడచిన కొన్ని దశాబ్దులలో చదువురానివారికి సయితము తెలిసిన మాటలైనవి. ప్రాణములు తీసిన మాటలును అయినవి. కావున ఇచ్చట ఈ చర్చ కేవలము గ్రంథస్థమైనది కాదు.

రెండు

ముందుగా మాటల చరిత్రను చూతము. తెలుగున ఈ వృత్తికి వేగు, వేగులవాడు, వేగరి అను మాటలు కలవు. చారుడు, గూఢచారుడు, అపసర్పుడు అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. రాజును 'చారచక్షువు' అనుట కావ్యములలో పరిపాటి. ఈ పదములన్నియు తిరుగుట, పొంచి చూచుట, వార్త తెచ్చుట అను అర్థములను ఇచ్చునవే. సాక్ష్యము చెప్పుట అను అర్థము వీనిలో దేనియందును లేదు. వేగులవాడు చూచి వచ్చి రాజు చెవిని వేసిన చాలును. పదుగురి యెదుట నిలిచి ప్రమాణము చేయ నక్కఱ లేదు. ఆ మాట నిజమో కాదో తేల్చు భారము వినువానిదే.

ఈ రాజనీతి వాఙ్మయమునకు ఉత్తర తెలంగాణము దూరపు నేల కాదు. గోదావరికి దక్షిణమున, నేటి పెద్దపల్లి జిల్లాలో నున్న రామగిరిని ముత్తభూపాలు డేలిన కాలమున, ఆయన మంత్రి కందనామాత్యుని ఆశ్రయించిన మడికి సింగన 'సకలనీతిసమ్మతము'ను సంకలించెను. అంతకు పూర్వము వెలసిన నీతిగ్రంథములనుండి పద్యముల నేర్చి కూర్చిన గ్రంథమది. పాలకుడు ఎవరి మాట వినవలయును, విన్నదానిని ఎట్లు పరీక్షింపవలయును అను విచారణ ఆ సంప్రదాయమునకు ప్రాణము. మందమర్రికి ఏటి కావలియొడ్డున ఇట్టి సంకలన మొకటి వెలసినదన్న సంగతిని మన విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

మూడు

మారువేషముతో దొంగలలో చేరు రాజపురుషుని గుఱించిన విపులమైన ప్రాచీన వర్ణన కౌటిల్యుని అర్థశాస్త్రమున నున్నది. ఈ గ్రంథము తాళపత్ర ప్రతిని మైసూరున ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించి, 1909లో ప్రకటించిన పిదప గాని ఆధునిక పండితులకు పూర్తిగా అందలేదు. అందు నాలుగవ అధికరణము 'కంటకశోధనము'. ప్రజలను పీడించు కంటకులను ఏఱివేయు విధానము దాని విషయము.

ఆ అధికరణమున సిద్ధుల వేషము ధరించిన వేగులవారు చౌర్యమునందు ఆసక్తిగల యువకులను చేరదీయుదురు. తలుపులు తెఱచు మంత్రము, కావలివారిని నిద్రపుచ్చు మంత్రము తమకు తెలియునని నమ్మింతురు. ముందుగా ఏర్పాటు చేసిన గ్రామమునకు తీసికొనిపోయి, అచ్చటి మనుష్యులచే నిద్ర నటింపజేసి, మంత్రము ఫలించినదని చూపుదురు. తరువాత గుర్తులు వేసిన వస్తువులున్న చోట దొంగతనము చేయించి పట్టుకొందురు. పాతదొంగల వేషమున వారిలో కలిసి మెలగు వేగులవారి ప్రసక్తియు ఆ ప్రకరణముననే కలదు.

ఇందు రెండంశములు గమనింపదగినవి. మొదటిది, గుర్తువేసిన వస్తువు. వేగులవాని నోటిమాటతో తృప్తిపడక, చేతికి చిక్కిన ముడుపును నిదర్శనముగా కోరుట ఇచ్చటనే కనబడుచున్నది. ముగ్గురు చారులు ఒకరి నొకరు ఎఱుగకుండ తెచ్చిన వార్తలు ఏకీభవించిననే నమ్మవలయునని కౌటిల్యుడు వేఱొకచోట చెప్పిన నియమము కూడ ఈ సందేహమునుండి పుట్టినదే. రెండవది, ఆ యువకుడు మంత్రగాడు ఎదురుపడకున్నచో దొంగయై యుండెడివాడా యను ప్రశ్న. కౌటిల్యుడు దానిని వేయలేదు. రాజు దండింపదలచినవానిని కనిపెట్టుటకు ఉపాయము చెప్పుటయే ఆయన పని. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పు భారము ఇరువది శతాబ్దుల తరువాత న్యాయస్థానములపై బడినది.

నాలుగు

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చరిత్ర క్రొత్త మలుపు తిరిగినది. మధ్యభారతమున సాగర్, జబల్పూరులు కేంద్రములుగా విలియం స్లీమన్ థగ్గుల అణచివేతకు పూనుకొన్నపుడు, ఆంగ్లాధికారులు వేషము వేసికొని ముఠాలలో చేరలేదు. వారి భాషయు, రూపమును అందుకు అనుకూలింపవు. పట్టుబడినవానికి ప్రాణభిక్ష చూపి తమవానిగా మార్చుకొనిరి. వీడే అప్రూవరు. 1830 చివరి దినములలో పట్టుబడిన ఫిరంగియా వీరిలో ప్రసిద్ధుడు. అప్రూవరు సిపాయిలతో తిరిగి పాతసహచరులను చూపవలయును. శవములు పాతిన చోటులు చెప్పవలయును. న్యాయాధికారి యెదుట వాఙ్మూల మీయవలయును. ఉరినుండి తప్పించుకొన్నను వానికి స్వేచ్ఛ లేదు. అప్రూవరులకును వారి కుటుంబములకును పని కల్పించుటకై 1837లో జబల్పూరున పారిశ్రామిక పాఠశాల నెలకొల్పబడినది.

నైజాము రాజ్యమునకును ఈ పద్ధతి వ్యాపించినది. సాగర్ నుండి నైజాము సీమకు పంపబడిన అప్రూవరులలో ఒకనిని 1832లో తాను కలిసికొంటినని నైజాము కొలువులోని సైనికోద్యోగి మెడోస్ టేలర్ వ్రాసియున్నాడు. వాని మాటల నాధారముగా చేసికొని ఆయన రచించిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఏ థగ్' అను ఆంగ్లనవల 1839లో లండనులో వెలువడినది. అందు అమీరలీ యను అప్రూవరు తన కథను తానే చెప్పుకొనును. దక్కనులోని ముఠాలను గుఱించిన నేరకథలలో ప్రపంచమున పేరొందిన తొలి గ్రంథము ఒక అప్రూవరు నోట పలికినదగుట యాదృచ్ఛికము కాదు. న్యాయస్థానమున పుట్టిన మాట నవలగా మాఱినది. ఆ నవల తిరిగి థగ్గుల యందలి నమ్మకమును జనులలో స్థిరపఱచినది.

భాషా విద్యార్థులు గమనింపవలసిన గ్రంథము వేఱొకటి యున్నది. స్లీమన్ 1836లో కలకత్తానుండి ప్రకటించిన 'రామసియానా' థగ్గుల రహస్యభాషకు నిఘంటువు. అందలి పదములు అప్రూవరులు చెప్పినవే. నిఘంటువు శాస్త్రగ్రంథము గాక పోలీసు సాధనముగా కూర్చబడిన సందర్భమిది. ఆ సంవత్సరముననే వచ్చిన 30వ చట్టము ప్రకారము థగ్గుల ముఠాకు చెందినవా డని తేలినచో చాలును, యావజ్జీవ ఖైదు విధింపవచ్చును. ఏ హత్య, ఏ దినము, ఏ చోట అని నిరూపింప నక్కఱ లేదు. థగ్గు అన నెవరో ఆ చట్టము నిర్వచింపలేదు. నిర్వచనము లేనిచోట అప్రూవరు వ్రేలు ఎవరిని చూపిన వాడే థగ్గు.

స్లీమన్ ఈ ప్రమాదమును ఎఱుగనివాడు కాడు. అప్రూవరులను వేఱువేఱుగ విచారించి, వాఙ్మూలములను సరిపోల్చి, వంశవృక్షములను తయారుచేయించెను. ముగ్గురు చారుల నియమమును ఇది తలపించును. అయినను ప్రాణముకొఱకు మాట చెప్పువాడు తాను చెప్పు పేర్ల సంఖ్యనుబట్టియే పనికివచ్చువా డగుచున్నాడు. స్టూయర్ట్ గోర్డన్ 1969లోను, రాధికా సింఘా 1998లోను, కిమ్ వాగ్నర్ 2007లోను ప్రకటించిన పరిశోధనలు ఈ సాక్ష్యమును మరల తూచినవి. థగ్గులే లేరనుట ఎంత తొందరపాటో, అప్రూవరులు చెప్పిన దంతయు చరిత్ర యనుట అంత తొందరపాటని మా యభిప్రాయము. థగ్గీ–డెకాయిటీ శాఖ 1904లో రద్దయి, దాని స్థానమున కేంద్ర నేరసమాచార శాఖ ఏర్పడినది. ముఠాలను లోపలినుండి వినుట అప్పటికి ప్రభుత్వములో శాశ్వతమైన ఉద్యోగముగా స్థిరపడినది.

ఐదు

అప్రూవరు మాటపై గల సందేహము 1872 నాటి సాక్ష్య చట్టమున రెండు నోళ్ల పలికినది. దాని 133వ సెక్షను ప్రకారము, నేరములో పాలుపంచుకొన్నవాని సాక్ష్యముమీద, వేఱు బలము లేకున్నను, విధించిన శిక్ష ఆ కారణమాత్రమున చెల్లకపోదు. 114వ సెక్షనులోని ఉదాహరణము మాత్రము అట్టివాని మాట ముఖ్యాంశములలో ఇతర నిదర్శనములచే బలపడనిచో నమ్మదగినది కాదని భావింపవచ్చు ననుచున్నది. ఈ రెంటిని సమన్వయించుటకు న్యాయస్థానములు నూటయేబది యేండ్లు శ్రమించినవి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 138వ సెక్షనున 'బలపడని సాక్ష్యము' అన్నచోట 'బలపడిన సాక్ష్యము' అని మార్చినది. మార్పు ఒక్క పదమునకే పరిమితమైనది. దానివెనుక థగ్గుల కాలమునుండి వచ్చుచున్న అనుభవ మున్నది.

మారువేషపు ఉద్యోగి విషయమున ప్రశ్న కొంత భిన్నము. వాడు నేరస్థుడు కాడు. ప్రాణభిక్ష కోరినవాడును కాడు. కాని నేరమును కనిపెట్టుటకు బదులు పుట్టించు ప్రమాదము వానివలన కలదు. రావు శివబహదూర్ సింగు వ్యాజ్యమున 1954లో సుప్రీంకోర్టు, నేరములను నివారించుట పోలీసుల విధి గాని నేరమునకు పరికరములను సమకూర్చుట వారి పని కాదని ఆక్షేపించినది. రామ్‌జనం సింగు వ్యాజ్యమున 1956లో, మనుష్యునికి నేరప్రవృత్తి ఎంత ఉన్నను, వాని బలహీనతను మించిన ప్రలోభమును బుద్ధిపూర్వకముగ ఎదుట పెట్టరాదని చెప్పినది. అర్థశాస్త్రమున మంత్రగాని వెంట పోయిన యువకుని పక్షమున ఇన్నాళ్లకు ఒక మాట వినబడినది.

ఆఱు

మాదకద్రవ్యముల చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. ఈ నేరమునకు ఒక ప్రత్యేకత కలదు. దొంగతనమున సొమ్ము పోయినవాడు, హత్యలో చనిపోయినవాని బంధువులు ఫిర్యాదు చేయుదురు. గంజాయి అమ్మకమున అమ్మువాడును కొనువాడును సమ్మతించినవారే. ఫిర్యాదు చేయువా డుండడు. కనుక లోపలి మనిషి లేనిదే ఈ చట్టము నడవదు. ఆ సంగతి నెఱిగియే చట్టకర్తలు 64వ సెక్షనున నిజము చెప్పువానికి క్షమాభిక్షను, 68వ సెక్షనున సమాచారము తెచ్చినవాని పేరు బయటపెట్టకుండు హక్కును కల్పించిరి. సరకును వెంటనే పట్టుకొనక, చివరి గమ్యము తెలియువఱకు నిఘాలో సాగనిచ్చు పద్ధతిని 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రోత్సహించగా, 2001 సవరణముచే మన చట్టమునను 50ఎ సెక్షనుగా చేర్చిరి.

ఈ చట్టము శిక్షలు కఠినమైనవి. ఇరువది కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణము. దానికి పదియేండ్లకు తక్కువ కాని కారాగారము. సరకు ఒకనివద్ద దొరకినచో వాడు నేరస్థుడనియే చట్టము ముందుగా భావించును. కాదని నిరూపించు భారము వానిదే. ఇట్టిచోట అజ్ఞాతవ్యక్తి యిచ్చిన సమాచారము ఎంత ఉపయోగకరమో, పగ తీర్చుకొనుటకు అంత అనువైనది. సంచిలో ఎవరు పెట్టిరో చెప్పగలవాని పేరు చెప్పవలసిన పని లేదు. అందుచేతనే సమాచారమును ముందుగా వ్రాతలో పెట్టి 72 గంటలలో పై యధికారికి పంపవలయునన్న 42వ సెక్షనును, శరీర సోదా గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో జరుగవలయునని కోరు హక్కును కల్పించిన 50వ సెక్షనును కేవల లాంఛనములుగా ఎంచరాదు. వేగులవాని మాటకు చట్టము కట్టిన గట్లవి. ఫిర్యాదు చేసిన ఉద్యోగియే దర్యాప్తు జరిపినచో ఆ కారణముననే వ్యాజ్యము వీగిపోవునని సుప్రీంకోర్టు 2018లో చెప్పి, 2020లో విస్తృత ధర్మాసనము ద్వారా ఆ సూత్రమును తోసివేసినది. ఆ 2020వ సంవత్సరముననే తూఫాన్ సింగు తీర్పున, ఈ చట్టము క్రింద అధికారులు నమోదు చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగా చెల్లదని నిర్ణయించినది. న్యాయస్థానముల లోపలనే ఈ సందేహము ఇంకను తీరలేదనుటకు ఈ తీర్పులు నిదర్శనములు.

తెలుగునేలపై గంజాయి వర్తకమునకు మూలము విశాఖ మన్యమును, దాని నంటియున్న ఒడిశా సరిహద్దును. అచ్చటినుండి భద్రాచలము, ఖమ్మము మీదుగా హైదరాబాదునకును, మహారాష్ట్రమునకును సరకు పోవుట ప్రసిద్ధము. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి సమీపమున రెండు లక్షల కిలోలకు మించిన గంజాయిని దహనము చేసిరి. తెలంగాణమున మాదకద్రవ్యముల నిరోధమునకై ఏర్పడిన ప్రత్యేక విభాగమునకు 2025లో 'ఈగల్' అని పేరు మార్చిరి.

ఏడు

ఇట్టి వర్తకమును లోపలినుండి ఛేదించు పని నగరమున ఒక తీరు, గనుల పట్టణమున ఒక తీరు. మహానగరమున ప్రక్కయింటివా డెవడో తెలియదు. క్రొత్త పేరుతో, క్రొత్త వేషముతో ఒకడు నెలల తరబడి మసలవచ్చును. మందమర్రివంటి చోట మనుష్యుల గుర్తింపు గనితోను, షిఫ్టుతోను, మస్టరుతోను ముడిపడి యుండును. క్రొత్తవాడు కాలనీలో అడుగు పెట్టినచో "ఎవ్వరి తాలూకు? ఏ గనిల పని?" అను ప్రశ్నలు వెంటనే ఎదురగును. కావున ఇట్టి పట్టణములలో బయటి మనిషికి వేషము వేసి పంపుట దుర్లభము. లోనివాని నొకనిని త్రిప్పుకొనుటయే సులభమగును. స్లీమన్ నాటి కారణము వేఱైనను ఫలిత మొక్కటియే. ఆ లోనివానికి పని ముగిసిన పిదప పోవుటకు చోటుండదు. వాని యిల్లు, వాని బంధువులు, వాడు పేరు చెప్పినవారును ఒక్క వీథిలోనే యుందురు.

ఈ పరిస్థితి ఎంత దారుణముగ పరిణమింపగలదో ఉత్తర తెలంగాణము వేఱొక సందర్భమున చూచినది. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిన నాటినుండియు, 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడిన తరువాత మఱింతగను, సమాచారము చుట్టును జరిగిన పోరాటము తుపాకుల పోరాటమునకు తీసిపోలేదు. ఆంగ్లమున విశేషణమైన 'కోవర్టు' మన భాషలో మనిషి పేరైనది: దళములో నుండి పోలీసులకు పనిచేయువాడు కోవర్టు. ఊరిలో నుండి వార్త నందించువాడు ఇన్ఫార్మరు. ఇన్ఫార్మరన్న ముద్రతో నక్సలైట్లచేతిలో హతులైన గ్రామస్థు లున్నారు. ఆ ముద్ర సత్యమో కాదో తేల్చుటకు సాక్షులు లేరు, వాదప్రతివాదములు లేవు. 'అప్రూవరు' అను మాటలో ఉన్న న్యాయస్థానపు ఛాయ 'కోవర్టు' అను మాటలో లేదు. వేగరి నాటి చీకటి మరల భాషలో ప్రవేశించినది.

ఆ చీకటి ముఠాలను పుట్టింపగల దనుటకు నయీముద్దీన్ కథ చాలును. నక్సలైటుగా నుండి, 1993లో హైదరాబాదున జరిగిన ఐ.పి.ఎస్. అధికారి కె. ఎస్. వ్యాస్ హత్యలో నిందితుడై, తరువాత ముఠానాయకుడుగా పేరుపడిన యితడు 2016 ఆగస్టు 8న షాద్‌నగరులో పోలీసు కాల్పులలో మరణించెను. పోలీసు యంత్రాంగముతో అతనికి సంబంధము లుండెనన్న ఆరోపణ విస్తారముగ వచ్చినది. ప్రత్యేక దర్యాప్తు బృందము నియమింపబడినది. ఆ ఆరోపణల నిజానిజములను గుఱించి మేము తీర్పు చెప్పము. అతడు చెప్పగలిగిన దేదియు ప్రమాణపూర్వకముగ న్యాయస్థానమున వినబడలే దన్నది మాత్రము నిశ్చయము.

ఎనిమిది

చివరకు చలనచిత్రమునకు వత్తము. 2006లో విడుదలయిన పూరి జగన్నాథ్ చిత్రము 'పోకిరి' ఈ తరగతి కథలలో తెలుగువారికి సుపరిచితము. నగరపు ముఠాలో చేరిన కిరాయిమనిషి వాస్తవమున పోలీసు అధికారి యని ప్రేక్షకులకు ఆలస్యముగ తెలియును. ఆ క్షణమున అంతకు పూర్వము వాడు చేసిన హింస యంతయు ధర్మముగ మాఱిపోవును. శత్రువు వాని చేతనే చచ్చును. సాక్ష్యము చెప్పు అవసరము కలుగదు. కథాశిల్పమున కిది బలము. కాని సమాజము ఈ రీతినే సత్యమని నమ్మినచో వేగులవాడే న్యాయాధికారి యగును.

అమెరికాలో జోసెఫ్ పిస్టోన్ అను ఎఫ్.బి.ఐ. ఉద్యోగి 1976 నుండి 1981 వఱకు డానీ బ్రాస్కో అను మాఱుపేరుతో న్యూయార్కు మాఫియాలో మెలగినాడు. అతని పని ముఠానుండి వెలుపలికి వచ్చుటతో ముగియలేదు. న్యాయస్థానములలో నిలిచి, ప్రతిపక్ష న్యాయవాదుల ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిదపనే నేరములు రుజువైనవి. బ్రిటనులో 1968 నుండి 2008 వఱకు రాజకీయ సంఘములలో మాఱుపేర్లతో మెలగిన పోలీసు ఉద్యోగుల చర్యలపై 2015లో బహిరంగ విచారణ ఏర్పాటైనది. మొదటి యుదాహరణమున లోపలి మనిషి మాట పరీక్షకు నిలిచినది. రెండవదానిలో దశాబ్దులపాటు పరీక్ష లేకపోవుటయే నేరమున కవకాశ మైనది.

ఈ చరిత్రనుండి మేము గ్రహించిన దిది. ముఠాలున్నంతకాలము లోపలి మనిషి యుండును. అతడు లేకుండ ఫిర్యాదులేని నేరములను పట్టుకొనుట సాధ్యము కాదు. అతనిని గౌరవించుటయు రక్షించుటయు ప్రభుత్వము బాధ్యత. కాని అతని మాట గుర్తువేసిన వస్తువుతోనో, వేఱొకని వాఙ్మూలముతోనో, వ్రాతపూర్వకమైన నిదర్శనముతోనో బలపడువఱకు అది వార్త మాత్రమే. ఈ నియమము నేరస్థుని కొఱకు మాత్రమే పుట్టినది కాదు. ఎవరో చూపిన వ్రేలికి బలికాగల కాలనీవాసికిని, పని ముగిసిన పిదప అదే వీథిలో బ్రతుకవలసిన లోపలి మనిషికిని అదియే రక్ష. ఉత్తర తెలంగాణమున ఇన్ఫార్మరు, కోవర్టు అను మాటల చరిత్రను గ్రామగ్రామమున, న్యాయస్థానపు కాగితములలోను, బ్రతికియున్నవారి జ్ఞాపకములలోను అన్వేషింపవలసి యున్నది. మన పరిశోధక విద్యార్థులు ఆ పనికి పూనుకొందురుగాక.